భట్టుగారి దాహం

కనకగిరి ఏలిన జయంత భూపతికి ఒకరోజు నిండు కొలువులో ఒక దిగులు పట్టుకుంది.

"వెయ్యేళ్ళ తర్వాత కూడా జనం నా పేరు తలుచుకోవాలి. దానికేం చెయ్యాలి?" అని అడిగాడు.

రాజుగారికి బిరుదులు కూర్చే భైరవభట్టు చప్పున లేచాడు. "ప్రభూ! మీకు నూట ఎనిమిది బిరుదులు రాశాను. ఊరి ముందున్న కొండను చదును చేయించి, వాటిని ఏనుగంత అక్షరాలతో చెక్కిద్దాం. రాతి మీద రాత పోదు!"

రాజు ముఖం వెలిగిపోయింది. "మరి రాళ్ళు కొట్టేవాళ్ళో?"

"ఎర్రనేల సీమలో ఆనకట్ట కడుతున్నారుగా, వాళ్ళందర్నీ రప్పిస్తే సరి."

సింహాసనం పక్కన తాంబూలం పళ్ళెం పట్టుకుని నిలబడ్డ బసవక్క ఆ మాట విని తలెత్తింది. ఆమె పుట్టిల్లు ఆ సీమలోనే. రెండేళ్ళుగా అక్కడ పంట లేదు. సగం కట్టిన ఆనకట్టను అలాగే వదిలేస్తే తొలి వరదకే కొట్టుకుపోతుంది.

"ప్రభూ, నాదొక్క మాట" అంది.

"చెప్పు బసవక్కా."

"మన సభ రాతి గుమ్మం మీద మీ ముత్తాతగారి బిరుదులు చెక్కి ఉన్నాయి. భట్టుగారు రోజూ వాటి కిందినుంచే వస్తారు. అందులో ఒక్కటి చెప్పమనండి."

భట్టు గొంతు సవరించుకున్నాడు. పైకప్పు చూశాడు, నేల చూశాడు. చివరికి చిరాకుపడ్డాడు. "ఆకులు చుట్టుకునేదానివి, నీకెందుకే ఈ సంగతులు? కాస్త ఆలోచించుకోనివ్వు!"

"అలాగే భట్టుగారూ. ఈ తాంబూలం వేసుకుని నిదానంగా ఆలోచించుకోండి."

బసవక్క ఆకు నిండా మిరియాలు దట్టించి చుట్టి, వినయంగా అందించింది. భట్టు దర్జాగా నోట్లో పెట్టుకుని కసుక్కున నమిలాడు.

మరుక్షణం కళ్ళు ఎర్రబడ్డాయి. ముక్కు కారింది. బిరుదులు రాసిన తాటాకుల కట్ట చేతిలోంచి జారిపోయింది.

"నీళ్ళు! నీళ్ళు!"

బసవక్క రెండు చెంబులు తెచ్చి కాస్త దూరంలో ఆగింది. "ఏవి కావాలి భట్టుగారూ? ఏటి నీళ్ళా, బావి నీళ్ళా?"

"ఏటి నీళ్ళు ఎండకు కాగి ఉంటాయి! రాజసింగన్న బావి నీళ్ళివ్వు! అవే చల్లన! త్వరగా తల్లీ!"

చెంబు అందుకుని భట్టు గటగటా తాగేశాడు. సింగన్న అంటే రాజుగారి ముత్తాత. ఆ బావి తవ్వించింది ఆయనే.

రాజు మెల్లగా అడిగాడు. "బసవక్కా, ఏమిటిది?"

బసవక్క చేతులు జోడించింది.

"ఏలినవారు క్షమించాలి. గుమ్మం మీద రాతిలో చెక్కినా గుర్తురాని మీ ముత్తాతగారు, దాహం వేసేసరికి భట్టుగారికి పేరుతో సహా గుర్తొచ్చారు!"

రాజు పగలబడి నవ్వాడు. సభంతా ఘొల్లుమంది.

"రాళ్ళు కొట్టేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఉండాలి. వానలు పడేలోగా ఆనకట్ట పూర్తికావాలి!" అని ఆజ్ఞాపించి, రాజు తన చేతి కంకణం తీసి బసవక్క పళ్ళెంలో పెట్టాడు. తర్వాత భట్టువైపు తిరిగాడు.

"ఏం భట్టూ, కొండ సంగతి ఏమంటావు?"

భట్టు నాలుక బయటపెట్టి విసురుకుంటూ అన్నాడు.

"ఆనకట్టే కట్టించండి ప్రభూ! ముందు నాకు ఇంకో చెంబు ఇప్పించండి!"