చెంప మీద గాటున్న మిడతలమ్మ

ఏటి ఒడ్డున గుండ్లవంక గ్రామంలో వెలసిన మిడతలమ్మ ఎడమ చెంపపై లోతైన గాటు ఉన్నది. అలంకారంలో దానిని పసుపుతో పూడ్చే ఆచారం ఇక్కడ లేదు. ఎందుకని అడిగిన భక్తులకు పూజారులు చెప్పే వృత్తాంతమిది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, విగ్రహమూ లేదు. ఉన్నదంతా ఒక ఇసుక బీడు. అది అమ్మవారి సొత్తని, అందులో గడ్డపార దించితే ఇంట్లో బిడ్డ దక్కదని ఊరి నమ్మకం. ఒక ఏడు కొర్ర కంకి వేసే వేళకు మిడతల దండు దిగింది. పట్టపగలే పొద్దు మసకబారింది. జనం కంచాలు మోగించి, పొగలు పెట్టి, నానా తంటాలు పడి దండును ఆ బీడులోకి తరిమారు. కొన్నాళ్ళకు అవి ఎగిరిపోయాయి. అమ్మే తరిమేసిందని సంబరపడి టెంకాయలు కొట్టారు. పాపం, తాము చేసిన పొరపాటు వాళ్ళకేం తెలుసు!

మేకలు కాచుకునే ఓబక్కకు మాత్రం మనసు మనసులో లేదు. మగడు పోయాక చిన్నారి కూతురు రంగి తన లోకంగా బతుకుతున్న మనిషి. ఆడ మిడతలు తోకలు ఇసుకలో దించి కదలకుండా కూర్చోవడం ఆమె కళ్ళారా చూసింది. ఒక మధ్యాహ్నం కునుకు పట్టగా అమ్మవారు కలలోకి వచ్చి, "నా ఒళ్ళంతా పురుగు పట్టిందే. తీసేవాళ్ళే లేరా?" అని వాపోయింది. ఓబక్క ఉలిక్కిపడి లేచి, బీడు అంచున చేత్తో ఇసుక తోడి చూసింది. బియ్యపు గింజల్లాంటి గుడ్లు గుత్తులు గుత్తులుగా బయటపడ్డాయి.

పరుగున పోయి ఊరిపెద్ద నరసప్పకు చెప్పుకుంది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా ఓబక్కా? ఆయమ్మ నేలలో గడ్డపార దిగితే బిడ్డ దక్కదని తెలీదా?" అన్నాడాయన.

"తెలుసు మామా. వానొస్తే అవన్నీ పిల్లలై చేల మీద పడతాయి. అప్పుడు తిండిలేక ఎవరి బిడ్డా దక్కదు."

ఒక్కరూ కదలలేదు. ఓబక్క రంగిని పొరుగింటి అవ్వకు అప్పగించి, గడ్డపార భుజాన వేసుకొని ఒంటరిగా బీడుకు వెళ్ళింది. పోటు వేసినప్పుడల్లా ఊరివైపు చెవి ఒగ్గేది, ఎక్కడ ఏడుపు వినబడుతుందోనని. మట్టి తిరగబడేకొద్దీ గుడ్లు ఎండకు తేలాయి, గోరింకలు వాలి ఏరుకు తిన్నాయి. ఇంతలో గడ్డపార ఠంగుమని రాతికి తగిలింది. ఇసుక తోసి చూస్తే స్త్రీమూర్తి ముఖం, ఎడమ చెంపపై అప్పుడే పడిన గాటు. ఓబక్క పై ప్రాణాలు పైనే పోయాయి. గుండెలు బాదుకుంటూ ఊళ్ళోకి పరుగెత్తింది.

రంగి పొరుగింటి గడపలోనే కూర్చుని ఉంది. "యాడికి పోయినావు మా? ఆకలైతాంది," అంది.

ఓబక్క బిడ్డ ఒళ్ళంతా తడిమింది. ఎక్కడా గీత కూడా లేదు. బిడ్డకు తగలవలసిన దెబ్బను అమ్మ తన చెంపన కాచుకున్నదని అప్పుడర్థమై భోరున ఏడ్చింది. జరిగింది విని ఊరంతా పారలు పట్టి కదిలింది. వాన రాకముందే బీడు మొత్తం తిరగేసి, అమ్మకు అక్కడే గుడి కట్టారు.

నేటికీ ఏటా తొలకరికి ముందు ఇక్కడ తవ్వుడు పండుగ జరుగుతుంది. ఒక తల్లి తన బిడ్డను అమ్మవారి ఎదుట కూర్చోబెట్టి తొలి పోటు వేస్తుంది. ఆ మట్టి చల్లిన చేలకు పురుగు సోకదని, బిడ్డలకు బాలారిష్టాలు తొలగుతాయని భక్తుల నమ్మకం. అమ్మ చల్లనిదని అందరూ ఎరిగినదే. అయినా గడ్డపార ఎత్తిన ఏ తల్లీ ఒకసారి వెనుదిరిగి బిడ్డను చూసుకోకుండా దానిని నేలకు దించదు.