ఆ ఏటి దొరవేషం

రాజ్యం పేరు చెప్పినా మీకు తెలియదు, చెప్పకపోయినా కథ ఆగదు. ఒకానొక కొండ రాజ్యం అనుకోండి. దానికి రాజు మహీధర భూపతి. తన గొప్ప మీద ఆయనకు ఎంత మమకారమంటే, జనం కళ్ళు పడితే అది అరిగిపోతుందేమోనని తెరలు దించిన పల్లకీలోనే తిరిగేవాడు. ఊళ్ళో అందరూ ఆ పల్లకీని చూశారు గానీ, రాజును చూసినవాళ్ళు బహు తక్కువ.

ఆ ఊళ్ళో ఏటా వేసవిలో కోనమ్మ జాతర జరిగేది. దాని వెనక ఒక కథ ఉంది. పూర్వం ఈ రాజుగారి ముత్తాత కాలంలో కరువొస్తే, కోనమ్మ ముసలమ్మ రూపంలో కోటకు వచ్చి దోసెడు జొన్నలు అడిగిందట. ఆ దొర "నేనే దొరను! నన్నే అడుగుతావా?" అని గద్దించాడట. అమ్మవారు వేపమండ విరుచుకుని అతన్ని ఊరంతా తరిమిందట. ఆ సాయంత్రమే వాన కురిసిందట.

అందుకని ఊరేగింపులో డప్పుల వెనక, అమ్మవారి ఘటం ముందు, ఒకడు దొరవేషం కట్టుకుని వెదురు గుర్రం మీద వస్తాడు. పెద్ద తలపాగా, గుడ్డలు కుక్కిన పొట్ట, జిగురుతో అంటించిన మీసాలు. వీధివీధినా "నేనే దొరను!" అని అరుస్తాడు. ఆడవాళ్ళు వేపమండలతో కొడతారు. వాడెంత అరిస్తే అంత వాన అని జనం నమ్మకం. ఆ వేషం కట్టే హక్కు చెంగయ్య అనే నేతగాడి ఇంటిది.

మహీధర భూపతికి ఇది గిట్టలేదు. "మా ముత్తాతను ఏటా నడివీధిలో కొట్టిస్తారా?" అని చాటింపు వేయించాడు. ఈ ఏడు జాతరలో దొరవేషంతో తిరిగినవాడు ఎవడైనా సరే, ఇంటిల్లిపాదీ రాజ్యం వదిలి పోవాలి.

చెంగయ్య ఆ చాటింపు విన్నాడు. "కట్టకపోతే అమ్మవారు ఊరుకోదు. నేను కడతానని చెప్పు" అని చాటింపు వేసినవాడితోనే కబురు పంపాడు. పొద్దు గూకేసరికి చెరసాలలో ఉన్నాడు. ఆ ధిక్కారానికి, జాతర కాగానే అతన్నీ ఆలుబిడ్డల్నీ పొలిమేర దాటించమని రాజాజ్ఞ అయింది.

అతని భార్య ఓబుళమ్మ, ఆస్థానంలో చమత్కారిగా పేరున్న తిప్పన్న ఇంటికి వచ్చింది.

"బాబూ, పొమ్మంటే పోతాం. చట్టీ కుండా నెత్తిన పెట్టుకుంటాం. మగ్గం గుంటలో ఉంది. గుంటను ఎట్లా ఎత్తుకుపోయేది?"

"మీ ఆయన ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటే సరిపోయేది కదమ్మా."

"ఆయనా? పెళ్ళిలో తాళి ముడి వంకరగా పడిందయ్యా అని పురోహితుడంటే, అదే సరైన ముడి అన్న మనిషి బాబూ!"

"అయితే మాట వెనక్కి తీసుకోవాల్సింది రాజుగారేనన్నమాట" అని తిప్పన్న కోటకు బయలుదేరాడు.

"ప్రభూ, వేషం మాన్పించారు, సరే. ఘటం ముందు ఆ చోటు బోసిపోతుంది. దొర లేని జాతర అంటారు జనం."

"అననీ."

"అసలు దొర ఉండగా ఆ మాట ఎందుకు పడాలి? తెల్లగుర్రం మీద తమరే ఆ చోట వస్తే?"

రాజు మీసం దువ్వుకున్నాడు. "జనం నన్ను గుర్తుపడతారా?"

"దొరను చూస్తే దొర అనరా ప్రభూ!"

"మరి భటులు?"

"ఘటం నడిచే దారిలో ఆయుధం కనబడకూడదని కట్టుబాటు. అయినా తమ తేజస్సుకు కాపలా ఎందుకు?"

తేజస్సు మాట రాజుకు నచ్చింది.

జాతరనాడు డప్పులు ముందు కదిలాయి. వెనక తెల్లగుర్రం మీద, నిగనిగలాడే తలపాగాతో, మహీధర భూపతి వీధిలోకి వచ్చాడు. జనం నోళ్ళు తెరిచారు. అంతలో అరుగు మీంచి ఒకామె కేక వేసింది.

"ఒసేయ్, దొర వచ్చాడే! ఈ ఏడు నిజం గుర్రమే!"

"చెంగయ్య చెరసాలలో ఉన్నాడన్నారు?"

"వీడెవడో కొత్తవాడు. పొట్ట చూడు, ఎంత బాగా కట్టాడో!"

మొదటి వేపమండ తలపాగా మీద పడింది. రాజు బిత్తరపోయి, "ఎవరనుకున్నారు? నేనే దొరను!" అని అరిచాడు.

వీధంతా ఈలలు. పది మండలు ఒక్కసారి లేచాయి.

"ఉరి తీయిస్తాను!"

"ఆ మాట కొత్తగా చేర్చాడు. బాగుంది" అన్నాడొక పెద్దమనిషి, పక్కవాడితో.

గంపలు అల్లే ముసలామె ఒకతె గుర్రం పక్కనే నడుస్తూ, రాజు కిందికి వంగినప్పుడు మీసం పట్టి లాగింది. "అబ్బా! ఏం జిగురు నాయనా ఇది, ఊడి రాదే!"

రాణివాసం మేడ కిందికి వచ్చేసరికి పైనుంచి కూడా ఒక మండ పడింది. తలెత్తి చూస్తే, కన్నతల్లి. మసకబారిన కళ్ళు చికిలించి, భక్తిగా దణ్ణం పెడుతోంది.

కోటకు చేరగానే రాజు సభలో గర్జించాడు. "ఊరందరినీ పట్టి తెండి!"

"చిత్తం" అన్నాడు తిప్పన్న. "నేరం ఏమని చెప్పమంటారు?"

"రాజును కొట్టారు!"

"వాళ్ళు దొరవేషాన్ని కొట్టామంటున్నారు ప్రభూ. కాదు, రాజునే కొట్టారు అంటే, సొంత ప్రజలే ఎదురుగా చూసి కూడా రాజనుకోలేదని పొరుగు రాజ్యాలకు తెలుస్తుంది. పైగా శిక్ష రాజమాతగారితో మొదలుపెట్టాలి. పోనీ, అది వేషమే అందామంటే..."

"అంటే?"

"ఎవడైనా సరే అని తమ చాటింపు ఉంది. బళ్ళు కట్టించమంటారా? ఇంటిల్లిపాదీ అన్నారు, రాణివాసం సామానుకే చాలా బళ్ళు కావాలి."

రాజు నోరు తెరిచేలోగా ఒక దాసి పళ్ళెంతో వచ్చింది. "దొరవేషం కట్టినవారికి రాజమాతగారు ఏటా ఇచ్చే పంచెల చాపు. ఇన్నేళ్ళలో ఇంత బాగా అరిచినవాడు లేడని చెప్పమన్నారు."

రాజు మండుతున్న పైపెదవి తడుముకున్నాడు. పళ్ళెం చూశాడు. తిప్పన్నను చూశాడు. ముందు ఆ పొట్ట కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత తలపాగాలో ఇరుక్కున్న వేపాకులు రాలేదాకా నవ్వాడు.

చాటింపు రద్దయింది. తిప్పన్నకు అగ్రహారం ఇచ్చాడని కొందరంటారు. అది తప్పు. తెల్లగుర్రాన్ని ఇచ్చాడు, జీనుతో సహా. దాని మీద మళ్ళీ ఎక్కే ఉద్దేశం రాజుకు లేదు.

చెంగయ్యను చెరసాల నుంచి తీసుకొచ్చారు. రాజే స్వయంగా పంచెల చాపు చేతికి అందించాడు. "నీ ఇంటి హక్కు నీకే ఉంటుంది. ఇది తీసుకుని ఇంటికి వెళ్ళు."

"కట్టనివాడికి ఎందుకు ప్రభూ? కట్టినవారే ఉంచుకోవాలి" అన్నాడు చెంగయ్య, చేతులు కట్టుకుని.

రాజు పంచెల చాపు చంకలో పెట్టుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "ఎట్లా కట్టాను?"

"చెరసాల లోపలికి వినబడింది ప్రభూ. గొంతు మంచిదే. కానీ కోపం నిజంగా తెచ్చుకున్నారు. వేషానికి అది పనికిరాదు. నిజం కోపమైతే జనం భయపడతారు."

"ఒక్కరూ భయపడలేదే!"

చెంగయ్య ఆలోచించాడు.

"అయితే బాగానే కట్టారు ప్రభూ."