రాజుగారు మోసిన తొలిబిందె

నందన నామ సంవత్సరం, నడివేసవి. ఒకానొక రాజ్యంలో బావులన్నీ అడుగంటాయి. ఆ ఏడు కొత్తగా కట్టిన మెట్లబావిలో మాత్రం నీళ్ళు నిండుగా ఉన్నాయి. దానికి తన పేరు పెట్టుకోవాలని రాజు రణభైరవరాయలు ముహూర్తం పెట్టించాడు.

ఆ బావి నమూనా గీసింది రాజుగారి శిల్పవిద్యాలయం. అందులో చదివేవాళ్ళంతా ఒకే వీధి మగపిల్లలు. తాత చదివిన చోటే మనవడు చదవాలి, ఇతరులకు గడప తొక్కే వీలు లేదు.

ఒకనాడు బావులు తవ్వే ఇంటి పిల్ల ఓబులమ్మ సభకు వచ్చింది.

"దొరా, నాకూ ఆ బళ్ళో చోటియ్యండి. మా అమ్మ ఆ బావి మెట్ల మీద పడి మంచాన ఉంది. ఇంకొకరు పడకుండా కట్టడం నేర్చుకుంటాను."

ప్రధానాచార్యుడు విద్యాధరభట్టు నవ్వాడు. "నడవడం రాక పడితే శాస్త్రమేం చేస్తుంది ప్రభూ?"

"అంతేగా," అన్నాడు రాజు మీసం దువ్వుతూ. "బిందెలు మోసేవాళ్ళకు కొలతలెందుకు? పోవమ్మా."

ఆస్థాన చమత్కారి తిప్పన్న లేచాడు. "బావి పండగ అయ్యాక తేల్చండి ప్రభూ. అప్పుడూ కాదంటే ఆ పిల్లతోపాటు నేనూ ఈ సభ విడిచి పోతాను. మరొక్క మనవి. బావికి పేరు ఎవరిదైతే గంగమ్మకు తొలిబిందె వాళ్ళే మోయాలట. మధ్యలో దించకూడదు, మరొకరికి ఇవ్వకూడదు. ఆచారం."

"మోస్తాం," అన్నాడు రాజు. మదపుటేనుగును లొంగదీసినవాడికి బిందె ఒక లెక్కా?

పండగనాడు చీలమండలదాకా జరీ అంగీ తొడుక్కుని, అది ఎత్తిపట్టుకుని హాయిగా దిగాడు. కిరీటం తీసి నెత్తిన గుడ్డ చుట్టకుదురు పెట్టారు, దాని మీద నిండుబిందె.

ఎక్కేటప్పుడు తెలిసింది. మెట్లు తక్కువైతే బావి గంభీరంగా ఉంటుందని ఒక్కో మెట్టూ మోకాలెత్తు పెట్టారు. చేతులు రెండూ బిందెకే సరిపోయాయి. తల వంచితే బిందె పడుతుంది, వంచకపోతే మెట్టు కనపడదు. తడిసిన అంగీ కాళ్ళకు చుట్టుకుంది. పట్టుకుందామంటే గోడకు ఒక కడ్డీ అయినా లేదు.

సగంలో నిలిచిపోయాడు. పైన మేళాలు ఆగిపోయాయి.

"తిప్పన్నా, కాలు ఎక్కడ మోపాలో తెలియడం లేదు."

"నడవడం రాకనేమో ప్రభూ," అన్నాడు తిప్పన్న గట్టుమీంచి.

రాజు బిందెను బిగించి పట్టుకున్నాడు. "భట్టూ, ఇవి గీసేటప్పుడు మీలో ఒక్కడికీ బిందె సంగతి తోచలేదా?"

ఆచార్యుడు శిష్యులకేసి చూశాడు. శిష్యులు నేలకేసి చూశారు. "మా ఇళ్ళలో నీళ్ళు ఆడవాళ్ళు తెస్తారు ప్రభూ," అన్నాడు భట్టు.

"గీసిన తలలన్నీ ఒకే వీధివి," అన్నాడు తిప్పన్న. "వాటిలో ఒక్కటైనా చుట్టకుదురు ఎరిగిన తల ఉంటే, తమరు ఈపాటికి గట్టెక్కి ఉండేవారు."

అప్పటికే ఓబులమ్మ దిగిపోయింది. ఒక చేత్తో రాజు అంగీ ఎత్తి, ఇంకో చేత్తో నడుము పట్టుకుంది. "కుడికాలు ఎత్తండి దొరా. ఇంకా ఎత్తండి. ఆఁ, మోపండి."

గట్టెక్కి బిందె గంగమ్మ ముందు దించి, రాజు మట్టిలోనే చతికిలబడ్డాడు. ఆయాసం తీర్చుకుని అడిగాడు.

"తిప్పన్నా, ఈ ఆచారం ఏ ఊరిదిరా?"

"ఇవాళ్టినుంచి మన ఊరిదే ప్రభూ."

రాజు తెల్లబోయాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన్న మెడలో వేశాడు. విద్యాలయంలో అన్ని వీధుల పిల్లలకూ, ఆడపిల్లలకూ చోటిమ్మని ఆజ్ఞ వేశాడు. మొదట చేరింది ఓబులమ్మ. ఆ మెట్లు పగలగొట్టించి పొట్టి మెట్లు కట్టించారు.

ఓబులమ్మ తల్లి మళ్ళీ నడవలేదు.