తుడిచిన వాకిలి

మా గురువు లోకనాథంగారిని ప్రశ్న అడగడం తేలిక, జవాబు రాబట్టడమే కష్టం. అడిగినవాణ్ణి ఎగాదిగా చూసి, చేతికర్ర అందుకుని "పద, నడుద్దాం" అంటారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళం కొందరం ఆ భయానికే సందేహాలు మానుకున్నాం.

కూర్మారావుకు ఆ భయం లేదు. పంతొమ్మిదో ఏట సైన్యంలో చేరి, ఇరవై మూడో ఏట ప్రత్యేక దళానికి పేరిచ్చినవాడు. మూడు నెలల పరీక్ష డెబ్బైమంది మొదలెడితే చివరిదాకా నిలిచింది ఎనిమిదిమంది. అందులో మా ఉద్దానం వాళ్ళిద్దరు, ఇతనూ దాలినాయుడూ. ఆ తర్వాత పదహారేళ్ళు విమానాల్లోంచి దూకాడు, మంచులో పడుకున్నాడు, పేరు చెప్పకూడని చోట్లకు వెళ్ళి వచ్చాడు. కట్టుకున్న భార్యకు మాత్రం సైన్యంలో లారీ తోలుతానని చెప్పాడు. ఉద్యోగం ముగించుకుని వచ్చాక బావమరిది ట్రాక్టరు వెనక్కి తీయమంటే చేతకాక నవ్వులపాలయ్యాడు. తనూ వాళ్ళతో కలిసి నవ్వాడు గాని, ఆ వారంలోనే మా మఠానికి వచ్చి ఒక మూల కూర్చున్నాడు. ఈ సంగతులన్నీ చాలాకాలం తర్వాత అతను చెప్పగలిగిన మేరకు చెప్పినవే.

ఒకనాడు ఉదయం గురువుగారిని అడిగాడు: "చెప్పకూడనిది కడుపులో పెట్టుకున్నవాడు, అది అడిగే హక్కున్న మనిషి ముందు ఎలా కూర్చోవాలి?"

ఆ మనిషి దాలినాయుడి తల్లి దమయంతమ్మ. తొమ్మిదేళ్ళ క్రితం దాలినాయుడు కూర్మారావు పక్కనే ప్రాణం విడిచాడు. ఎక్కడో, ఎందుకో తల్లికి వచ్చిన కాగితంలో లేదు. చెప్పనని కూర్మారావు ప్రమాణం చేసి ఉన్నాడు. ఒక్క ఏడు తప్ప ఏటా ఆ తేదీకి సెలవు పెట్టుకుని, ఊరు లేవకముందే ఆమె వాకిటి దాకా వెళ్ళేవాడు. తలుపు మాత్రం తట్టేవాడు కాదు. అరుగు కేసి కాసేపు చూసి వచ్చేసేవాడు.

గురువుగారు కర్ర అందుకున్నారు. "ఆ ఇల్లు చూపించు."

జీడితోటల మధ్య ఇసుకబాట, రెండు కోసుల దూరం. దారిలో కూర్మారావు ఉండబట్టలేక అన్నాడు: "ఆవిడ అడిగితే నిజం చెప్పకూడదు. అబద్ధం చెప్పలేను."

"ఇంకా అడగలేదు కదా," అన్నారు గురువుగారు.

ఇక్కడ వాళ్ళ పనిలోని ఒక పద్ధతి చెప్పాలి. దళంలో ఆరుగురు వరసగా నడుస్తుంటే, ఆఖరివాడు వెనక్కి నడుస్తూ కొమ్మతో అందరి అడుగులూ చెరిపేయాలి. ఎవరో వచ్చి వెళ్ళినట్టు నేలకు కూడా తెలియకూడదు. ఏడేళ్ళు ఆ పని ఇతనూ దాలినాయుడూ వంతులేసుకుని చేశారు. మనసు ఎక్కడున్నా చెయ్యి ఆ పని మరిచిపోదు. దమయంతమ్మ వాకిట్లోకి వచ్చేసరికి కూర్మారావు తనకు తెలియకుండానే సరుగుడు కొమ్మ విరిచి, వెనక్కి నడుస్తూ, తన అడుగులూ గురువుగారి అడుగులూ తుడిచేస్తున్నాడు. గురువుగారు చూసి ఊరుకున్నారు.

అరుగు మీద జీడిపిక్కలు ఒలుస్తున్న ముసలమ్మ చేతులు ఆగిపోయాయి. మీరెవరని అడగలేదు. కొమ్మకేసే చూసింది.

"ఏటేటా వచ్చి పోతన్నది నువ్వేనేటి, బావూ?"

కూర్మారావు కొమ్మ కింద పెట్టాడు.

"నా గుంటడు సెలవుకొస్తే ఇలాగే ఎనక్కి నడిసి ఇసకంతా తుడిసీసీవోడు. ఇంటికాడ కూడా ఈ దొంగనడకేట్రా అని తిట్టీదాన్ని. ఆడు పోయినాక ఏడాదికోపాలి, ఆ రోజుకి, నా వాకిలి అలాగే తుడిసుండీది. ఆడి జతగాడొకడు బతికున్నాడు అనుకుని ఆ పూట కడుపునిండా తినీదాన్ని." ఆమె మళ్ళీ ఒక పిక్క అందుకుంది. "నాలుగో ఏడు తుడవనేదు. ఈడూ పోనాడు గావాల అని నీకోసం కూడా ఏడిసినాను."

ఆ ఏడు కూర్మారావు ఎక్కడున్నాడో అతని భార్యకే తెలియదు. తను ఆ మంచులో పోతే, ఏమైపోయాడో తెలిసి ఏడ్చేవాళ్ళు ఒక్కరూ ఉండరని అప్పట్లో అనుకునేవాడట. అతని పేరైనా తెలియని ఒక ముసలమ్మ ఇక్కడ అప్పటికే ఏడ్చేసింది. అతను అరుగు కింద కూలబడ్డాడు.

ఇక ఆమె అడుగుతుందని తెలిసి తల దించుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా తప్పించుకు తిరిగింది ఆ ప్రశ్న నుంచే.

"ఆ రోజు తిన్నాడేటి?"

కూర్మారావు తలెత్తాడు. ఆ సంగతి చెప్పవద్దని అతని చేత ఎవరూ ప్రమాణం చేయించలేదు.

"తిన్నాడమ్మా. బెల్లం, సెనగలు. సగం నాకెట్టినాడు."

"అలాటోడే," అంది ఆమె. ఇంకేమీ అడగలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, లోపలికి వెళ్ళి రెండు కంచాలు తెచ్చింది.

ఎండ వాలాక బయలుదేరారు. వాకిలి దాటబోతూ కూర్మారావు అలవాటుగా కొమ్మ కోసం వంగాడు. గురువుగారు కర్ర అడ్డం పెట్టారు.

"ఉండనీ. ఊడ్చుకోవాలో లేదో రేపు ఆవిడే చూసుకుంటుంది."