రెండు కుండల తుమ్ములు

అది ఏ రాజ్యమో, ఏ కాలమో చరిత్ర చెప్పదు. ఏటి పేరు కూడా మిగలలేదు. మిగిలింది ఒక తుమ్ము.

సంధి మాట్లాడటానికి ఏరు దాటబోతూ రాజు పడవలో కాలు పెట్టగానే, పడవ నడిపే నూకన్న తుమ్మాడు. ఆస్థాన జ్యోతిష్కుడు చేయి అడ్డుపెట్టాడు.

“అపశకునం ప్రభూ. ఇక సంధి కుదరదు. వీడి పడవ లాగేసుకోండి.”

ఆ పడవే నూకన్నకు కూడు. అతడు పడవ మూల నుంచి రెండు కుండలు తీసి రాజు ముందు పెట్టాడు.

“మూడేళ్లుగా చూస్తున్నాను దొరా. నేను తుమ్మాక ఏరు దాటినవాళ్లను తిరిగొచ్చేటప్పుడు అడుగుతాను. పనైతే ఈ కుండలో చింతగింజ వేస్తాను, చెడితే ఆ కుండలో. తుమ్మని రోజులకు ఇంటిదగ్గర మరో రెండు కుండలున్నాయి. తుమ్మినా తుమ్మకపోయినా తేడా ఏమీ లేదు.”

“తుమ్ములకు చింతగింజలా? ఇదా నీ శాస్త్రం?” జ్యోతిష్కుడు నవ్వాడు. భటులూ నవ్వారు.

“తమరి గింజ కూడా ఉంది సామీ. నిరుడు కొలువు కోసం నా పడవలోనే వచ్చారు. అప్పుడూ తుమ్మాను. ‘జలుబు తుమ్ముకు దోషం లేదు, పడవ పోనీయ్’ అన్నారు. కొలువు దొరికిందని మంచి కుండలో వేశాను.”

నూకన్న ఒక గింజ తీసి అతడి అరచేతిలో పెట్టాడు.

“తమరు రావడం దొరకు చేటైతే రెండో కుండలో వేయండి. పడవ వదిలేస్తాను.”

జ్యోతిష్కుడు రాజు ముఖం చూశాడు. గింజను మంచి కుండలోనే జారవిడిచాడు.

రాజు పడవెక్కాడు. సంధి కుదిరింది. తిరిగొచ్చేటప్పుడు నూకన్న అడగకముందే, రాజు గింజ కోసం చేయి చాచాడు.