సుంకమ్మ నాటిన ఆదొండ

అనగనగా ఎర్రగుట్ట కింద ఒక ఊరు తల్లీ. ఆ ఊళ్ళో ఒకరోజు పొద్దున సరిగ్గా ఆరున్నరకి సుంకమ్మ అనే కోడలు పెరడు ఊడుస్తోంది. ఊడ్చి, మూలన ఒక గుంత తవ్వింది.

ఎందుకంటే, ఆమె పుట్టింటి దగ్గర ఆదొండ పొద ఉండేది. ఒళ్ళంతా ముళ్ళు. కాయలు చేదు. కానీ వాటిని చీల్చి, ఉప్పు మజ్జిగలో నానబెట్టి, ఎండబెట్టి, నూనెలో వేయిస్తే అన్నం ఇంకో ముద్ద ఎక్కువ దిగుతుంది. రోడ్డు వెడల్పు చేస్తూ ఆ పొదను కొట్టేశారు. అంతకు ముందే సుంకమ్మ దాని కింద మొలిచిన పిలకలు మూడు తవ్వి తెచ్చుకుంది. ఇక అవే మిగిలాయి.

అత్త ఓబుళమ్మకు ఆ మూలన గేదెను కట్టాలని ఉంది. "మూడుసార్లు నాటుకో," అంది. "బతికితే చెట్టు ఉంటుంది, చస్తే గేదె ఉంటుంది."

సుంకమ్మ ఒక పిలక నాటింది. మిగతా రెండూ మిద్దె మీద పగిలిన కుండల్లో పెట్టింది. రోజూ పొద్దున చెంబెడు నీళ్ళు పోసింది. నెల తిరక్కుండానే ఆకులు పసుపెక్కాయి. పీకి చూస్తే వేరు కుళ్ళింది.

ఆ తర్వాత రెండోది నాటింది. ఈసారి వారానికి ఒకే చెంబు పోసింది. అదీ కుళ్ళింది. అత్త గేదెకు పలుపుతాడు పేనడం మొదలుపెట్టింది.

సుంకమ్మ ఏడవలేదు తల్లీ. మేకలు కాసే మద్దయ్యను అడిగింది. "గుట్ట మీద ముళ్ళపొదలకెవరు పోస్తున్నారు వదినా నీళ్ళు?" అన్నాడతను.

అప్పుడు ఆమె మట్టంతా ఎత్తి పోసి, గుట్ట నుంచి మూడు గంపల గులకరాళ్ళు మోసుకొచ్చి, వాటి మధ్య ఆఖరి పిలక నాటింది. మేకలు రాకుండా చుట్టూ ముళ్ళకంప కట్టింది. ఆకు తినే పురుగుల్ని పొద్దున్నే ఏరేసింది. వేళ్ళ నిండా ముళ్ళు దిగినా మానలేదు. అది నాటిన మర్నాడే ఓబుళమ్మ కూతురి కాన్పుకని వెళ్ళి, వేసవంతా అక్కడే ఉండిపోయింది.

తొలకరికి తిరిగొచ్చేసరికి ఆదొండ నడుమెత్తు పెరిగి, గోడ పట్టుకుని ఉంది. ఓబుళమ్మ చుట్టూ తిరిగి చూసింది. చీర కొంగు ముల్లుకి తగులుకుంటే విడిపించుకుంది. "గేదెను గోడ అవతల కట్టుకుందాంలే," అంది.

ఆ తర్వాత నాలుగు రోజులకి పక్కింటి బయమ్మ కందులు చెరుగుతూ సుంకమ్మతో అసలు సంగతి చెప్పింది.

"నువ్వు మధ్యాహ్నం కునుకు తీస్తే, మీ అత్త బియ్యం కడిగిన నీళ్ళు బిందెతో తెచ్చి కుళ్ళిపోయిన ఆ రెండు మొక్కలకూ పోసేది. రోజూ పోసేది. 'మా కోడలు మొండిది, దాని మొక్క బతకాలి' అనేది. నిన్న మళ్ళీ బిందె ఎత్తుకొస్తుంటే నేనే ఆపాను."

కథేమో కంచి దారి పట్టింది,
నా తల్లి కంటికి నిద్ర పట్టింది.