కొండముచ్చు కోటప్ప, చామంతి నీళ్లు

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున పెద్ద మద్దిచెట్టు ఉండేది. దాని చిటారుకొమ్మ మీద కోటప్ప అనే కొండముచ్చు కాపలా కాసేవాడు. కింద దుప్పులు మేస్తుంటే, పైనుంచి కోటప్ప నాలుగు దిక్కులా చూడాలి. చిరుతపులి కనపడగానే "ఖర్ర్! ఖర్ర్!" అని అరవాలి. దుప్పులు పరుగందుకోవాలి. వాళ్ల తాత చేసిందీ, నాన్న చేసిందీ ఆ పనే.

పని బాగానే చేసేవాడు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. కోటప్పకు నిద్ర పట్టడం లేదు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, వానాకాలం వెళ్లి ఎండలు ముదిరేదాకా ఇదే వరస. కళ్లు గురివింద గింజల్లా ఎర్రబడ్డాయి. కొమ్మ మారబోయి రెండుసార్లు జారాడు. చూసినవాళ్లు నవ్వారు గానీ, పిల్లలూ, అది నవ్వే సంగతి కాదు. కాపలావాడి కన్ను పగటిపూట మూతపడితే ఎవరి పిల్ల పులి నోట్లో పడుతుందో ఎవరికి తెలుసు?

నిద్ర లేనివాళ్లకు పాత రోజులు మరీ గుర్తొస్తాయి. కోటప్పకు వాళ్ల నాయనమ్మ తిరపమ్మ గుర్తొచ్చేది.

వాగు పక్కన నల్లబండలో ఒక గుంట ఉంది. నాయనమ్మ పొద్దున్నే అందులో నీళ్లు నింపి, నాలుగు చామంతి పూలు, గుప్పెడు అడవి తులసి ఆకులు, ఒక వట్టివేరు వేసేది. పొయ్యి లేదు, మంట లేదు. రోజంతా ఎండే కాచిపెట్టేది. పొద్దు వాలేసరికి నీళ్లు తేనెరంగుకు తిరిగేవి. ఆ వాసనకే కుందేళ్లూ, నెమళ్లూ, నిద్రపట్టని ముసలి ముళ్లపందీ బండ చుట్టూ చేరేవాళ్లు. నాయనమ్మ మోదుగాకు దొన్నెల్లో పోసి ఇచ్చేది. ఇచ్చేముందు మాత్రం ఒక మాట అడిగేది.

"నీ పని ఎవరికి అప్పజెప్పి వచ్చావు?"

జవాబు చెప్పనివాళ్లకు దొన్నె దక్కేది కాదు. కుందేలమ్మ, "పిల్లల్ని మా చెల్లెలు చూస్తోంది అత్తా" అనేది. చిన్నారి కోటప్పకు పనేముంది? "అల్లరి మా తమ్ముడికి అప్పజెప్పాను నాయనమ్మా" అనేవాడు. అందరూ పడిపడి నవ్వేవాళ్లు. రెండు గుక్కలు తాగి నాయనమ్మ ఒళ్లో తల పెట్టుకుంటే మళ్లీ తెల్లారేదాకా ఒళ్లు తెలిసేది కాదు. ఎంత మంచి రోజులవి! నాయనమ్మ పోయాక బండ దగ్గరికి రావడం అందరూ మానేశారు. గుంట నిండా ఎండుటాకులే.

"ఆ నీళ్లు తాగితే సరి! నాకెందుకు తట్టలేదు ఇన్నాళ్లూ?" అనుకున్నాడు కోటప్ప.

గుంట శుభ్రం చేశాడు. మొదటి రోజు నాలుగు పూలు వేసి సాయంత్రం తాగాడు. చెట్టెక్కి పడుకున్నాడు. కన్ను మూసినా చెవి అడవి మీదే ఉంది. ఆకు రాలితే లేచి కూర్చున్నాడు. రెండో రోజు ఎనిమిది పూలు వేశాడు. కప్ప బెకబెకమంటే లేచి కూర్చున్నాడు. మూడో రోజు చేతికందినన్ని పూలు దూసి పోశాడు. నీళ్లు చేదెక్కాయి గానీ, నిద్ర మాత్రం రాలేదు.

వాగు ఇసుకలో మూడు గుడ్లు పెట్టుకుని పొదుగుతున్న తీతువు పిట్ట రత్తాలు ఇదంతా చూస్తోంది.

"కోటప్ప మావా! రాత్రిళ్లు నేను ఎటూ మేలుకునే ఉంటాను. ఆ కాపలా నాకొదిలేసి హాయిగా పడుకోరాదూ?" అంది.

కోటప్పకు చిర్రెత్తుకొచ్చింది. "నీకా? నీ అరుపు వింటేనే అపశకునమని అందరూ హడలిపోతారు. తాతలనాటి కాపలా తీసుకెళ్లి తీతువు చేతిలో పెట్టమంటావా?"

"శకునం సంగతి నాకు తెలీదు మావా. పులి వస్తే మాత్రం తెలుస్తుంది" అంది రత్తాలు.

కోటప్ప వినిపించుకోలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం గుంటలో మిగిలిన చేదునీళ్లన్నీ గటగటా తాగేసి కాపలాకు ఎక్కాడు. ఎన్ని నెలల అలసటో అది! గాలి చల్లగా తగిలింది. కొమ్మను కావలించుకుని గుర్రుపెట్టాడు.

"తీ...తువ్! తీ...తువ్!"

ఉలిక్కిపడి లేచేసరికి చెట్టు కిందే చిరుతపులి! దుప్పులన్నీ పారిపోయాయి. చుక్కమ్మ అనే దుప్పి కూన ఒక్కటే ఎటు పోవాలో తెలియక ఇసుకలో నిలబడిపోయింది. రత్తాలు పులి కళ్ల మీద రెక్కలతో టపటపా కొడుతోంది. కోటప్ప అరిచాడు, కొమ్మలు విరిచి పులి మీదికి విసిరాడు. ఆ సందడిలో కూన తల్లిని చేరింది. పులి విసుక్కుంటూ ఇసుకలోంచే వెళ్లిపోయింది. పోతూ పోతూ రత్తాలు గూడు మీద కాలు వేసింది.

రెండు గుడ్లు మిగిలాయి.

కోటప్ప చెట్టు దిగాడు. గూడు పక్కన కూలబడ్డాడు. రత్తాలే అంది: "గుడ్ల మీంచి లేవకూడదనే అనుకున్నాను మావా. ఆ పసిది బిక్కచూపులు చూస్తుంటే ఉండబట్టలేకపోయాను."

కోటప్ప బావురుమన్నాడు. "నాయనమ్మ పూలన్నీ గుర్తు పెట్టుకున్నాను. ఆవిడ అడిగే మాట వదిలేశాను. నా గర్వం నీ బిడ్డను తినేసింది రత్తాలూ. రాత్రి కాపలా నీకిస్తే తీసుకుంటావా? పగలు నీ గూడు మీదినుంచి చూపు తిప్పను."

రత్తాలు మిగిలిన రెండు గుడ్లనూ పొట్ట కిందికి లాక్కుంది. "తీసుకుంటాను. నా గొంతును మాత్రం ఇంకెవరూ అపశకునం అనకూడదు" అంది చివరికి.

"అన్నవాడి సంగతి నేను చూస్తాను" అన్నాడు కోటప్ప.

మర్నాడు గుంటలో నాలుగే పూలు వేశాడు. పొద్దు వాలేదాకా ఓపిక పట్టాడు. "కాపలా నీది" అని రత్తాలుతో చెప్పి, రెండు గుక్కలు తాగి చెట్టెక్కాడు.

మళ్లీ కళ్లు తెరిచేసరికి ఎండ మొహం మీద పడుతోంది. కింద చుక్కమ్మ నింపాదిగా మేస్తోంది.

"అన్నా, రాత్రి పులి వచ్చింది" అంది.

కోటప్ప దిగ్గున లేచాడు. "ఎప్పుడు? ఎటునుంచి? పిల్లలేరీ?"

"రత్తాలు కేకేసింది, అందరం వాగు దాటేశాం. పులి ఉత్తచేతులతో పోయింది. నిన్ను లేపుదామంటే రత్తాలే వద్దంది."

కోటప్పకు కాస్త చిన్నతనంగా అనిపించింది. ఆ వెంటనే ఒళ్లంతా తేలికైంది. తను పడుకున్నా అడవికి తెల్లవారింది.

నీతి: నిద్రకు మందు దొన్నెలో సగమే ఉంటుంది, మిగతా సగం, తోటివారిని నమ్మి మన బరువు దించుకోవడంలో ఉంటుంది.